నూటికి ముప్పై

మేకులు తూకంలో అమ్ముతాను, తాళ్ళు బారల్లో.
ఊనా కీపింగ్ బొమ్మలు మాత్రం ఒక్కొక్కటిగా.
రంగు డబ్బాల అరల పైన, దూలానికి కొట్టిన
ఆరు మేకులు ఆమెవి.
నూటికి ముప్పై నాది, డెబ్బై ఆమెది.
కాగితం రాసుకోలేదు.
కౌంటరు మీద చెయ్యి పెట్టి అంది:
"లియాండర్, బేరమాడేవాళ్ళకి అమ్మకు."

ఆ డెబ్బైలో సగం మళ్ళీ నా గల్లాలోకే వస్తుంది.
టర్పెంటైను, సన్న బ్రష్షులు,
పడవలకు పూసే ఆకుపచ్చ అడుగున మిగిలిన డబ్బా,
"మూత వంగిపోయింది, సగం ధరకి ఇవ్వవా" అని.
మా రేవులో పడవలూ ఆమె బొమ్మల్లో పడవలూ
ఒకే డబ్బాలోంచి పుట్టినవి.
కొనేవాళ్ళకి ఆ సంగతి చెప్పను.

జూలైలో ఫెర్రీ దిగుతారు వాళ్ళు.
మంచుకొండలు చూద్దామని వచ్చి, వాన చూసి,
తలదాచుకోడానికి నా కొట్లోకి.
"ఒరిజినలేనా?" అంటారు, గోటితో గీకబోతూ.
"అచ్చేసింది కాదమ్మా. ఇంకా ఆరలేదు, చెయ్యి తియ్యండి."
సెయింట్ జాన్స్ నుంచి ఒకాయన
సోఫాకి నప్పుతుందో లేదోనని
దిండు గలీబే పట్టుకొచ్చాడు కిందటేడు.
నప్పింది. నూట ఎనభై డాలర్లు.
ఊనా నవ్వింది: "ఆ గలీబు నేసినామె ఎవరో,
సగం ఆమెకి పంపాలి."

అక్టోబరులో ఒకటి తెచ్చింది,
చేపలపెట్టె చెక్కలతో చట్రం కట్టి.
సముద్రం మీద ఇల్లు.
చుట్టూ ఖాళీ పీపాలు కట్టి
నాలుగు పడవలు లాగుతుంటే
అఖాతం దాటుతున్న రెండంతస్తుల ఇల్లు.
దీవులు ఖాళీ చేయించిన రోజుల్లో అలాగే తెచ్చుకున్నాం,
మెట్లతో, పొయ్యి గొట్టంతో సహా.
నాకప్పుడు ఆరేళ్ళు.

పై కిటికీలో పసుపు చుక్క ఒకటి పెట్టింది.
దీపం, అంది.
దీపం కాదు.
మా అమ్మ ఆ కిటికీకి పసుపు తెర కట్టింది,
గాలికి చిరుగుతుందని నాన్న తీయమన్నా తీయలేదు.
ఊనాకి తెలిసే వీల్లేదు, అప్పటికామె పుట్టనే లేదు.
నేనూ చెప్పలేదు.
మేకుకి తగిలించడానికి నిచ్చెనెక్కి
అవసరమైనదానికన్నా ఎక్కువసేపు నిలబడ్డాను.

చీటీ మీద ఆమె రాసింది రెండువందల పది.
ఆమె గుమ్మం దాటాక
చివర ఒక సున్నా చుట్టాను.

కొనుక్కోవచ్చుగా, అంటారు.
ఆ ఏడు పైకప్పు కారింది. చేపల ఫ్యాక్టరీ మూతపడి
అరువు ఖాతాలు ఇటుకంత లావెక్కాయి.
అదీగాక, అమ్మేవాడే కొంటే జాలనుకుంటుంది,
జాలికి తలుపు తీసే మనిషి కాదు.
ఇవన్నీ సాకులు.
సున్నాకి కానీ ఖర్చు లేదు, అదీ సంగతి.

చలికాలమంతా నా తలపైన ఆ ఇల్లు తేలింది.
వచ్చినవాళ్ళు తలెత్తి చూశారు, ధర చూశారు,
తల దించి ఎలకల బోను కొనుక్కుపోయారు.

మార్చిలో ఊనా వచ్చింది. చీటీ చూడలేదు.
అమ్ముడుపోనిదాన్ని ఎవరు అంత పరకాయించి చూస్తారు?
"అయిదు నెలలు. ఇది కుదర్లేదులే" అంటూ
తనే నిచ్చెన వేసుకుని దించుకుంది.
పళ్ళ మధ్య మేకులు పట్టుకున్న వడ్రంగిలా
నోరు మూసుకుని చూశాను.

మే నెలలో అదే చట్రం తిరిగొచ్చింది.
లోపల ఉత్త నీళ్ళు, పొగమంచు.
"కాన్వాసు ధర మండిపోతోంది, పాతదాని మీదే వేశాను."
బాగుంది. అబద్ధమెందుకు,
ముందుదానికన్నా బాగుంది.

పైన కుడివైపు, మంచు కింద
ధాన్యపు గింజంత ఉబ్బు,
చూపుకి అందదు, వేలికి తగులుతుంది.
గోరు ఆనించాను.
నా గొంతే నాకు వినబడింది, చెయ్యి తియ్యండి.

చీటీ మీద మళ్ళీ రెండువందల పది.
ఖాతా తీసి నా పేరున పద్దు వేశాను.
నూటనలభై ఏడు ఆమెకి.
మిగతా అరవైమూడు
ఎవరి పేరున రాయాలో తోచక
కలం ఎత్తి పట్టుకున్నానో లేదో
తలుపు గంట మోగింది.
తడిసిన కోటుతో ఎవరో తలెత్తి
"ఇది ఒరిజినలేనా?" అన్నారు.

అమ్ముడుపోయింది, అన్నాను.